పాల డబ్బా నుంచి పాడె దాకా

ఒరేయ్ సుధాకర్,

నీ ఉత్తరం చదివి ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. "కూరగాయలమ్మే కొట్టువాళ్ళు అంత్యక్రియలు కూడా చేయిస్తారా, ఏం మాట్లాడుతున్నావురా?" అని అడిగావు కదా. ఇంగ్లండు వచ్చిన కొత్తలో నాకూ బుర్ర తిరిగింది. ఒకే వీధిలో మూడు తలుపుల మీద ఒకే పేరు. ఒకటి సరుకుల కొట్టు, ఒకటి టూర్లు బుక్ చేసే ఆఫీసు, మూడోది శవపేటికల చోటు. ఎవరో పెద్ద సేఠ్ అన్నిట్లోనూ వేలు పెట్టాడనుకున్నా. తీరా చూస్తే సేఠూ లేడు, ఏమీ లేడు. ఇది సహకార సంఘం, ఇక్కడి మాటలో కో-ఆపరేటివ్ సొసైటీ. కొనేవాళ్ళే ఓనర్లు. 1 పౌండు కట్టి నేనూ ఓనర్నయ్యాను, నమ్ము! నా 1 పౌండుకీ, వేల పౌండ్లు దాచుకున్న పక్కాయనకీ ఒకే ఓటు.

మొన్న సభ్యుల మీటింగుకి వెళ్ళాను. పక్క కుర్చీలో డెబ్బై దాటిన ఒకావిడ. చిన్నప్పుడు కొట్టుకి పంపించేటప్పుడు వాళ్ళమ్మ "నంబరు చెప్పడం మర్చిపోకే" అనేదట, అంటే సొసైటీ సభ్యత్వ నంబరు. ఆ నంబరు ఇప్పటికీ గడగడా అప్పజెప్పింది. తన సెల్ నంబరు మాత్రం పుస్తకం తీసి చూసుకోవాలట!

ఆ నంబరు ఎందుకంటే, దాని మీదే డివిడెండు లెక్క. ఇక్కడే ఉందిరా అసలు కిటుకు. మామూలు కంపెనీలో వాటా ఎంత ఉంటే లాభం అంత. ఇక్కడ ఎంత కొంటే అంత. పౌండుకి 2 షిల్లింగులు అని ప్రకటించారనుకో, ఆ రోజుల్లో పౌండుకి 20 షిల్లింగులు కాబట్టి, కొన్నదాంట్లో నూటికి పది వెనక్కి వస్తాయన్నమాట. పిల్లల బూట్లు కొనాలంటే చాలామంది తల్లులు ఆ డబ్బు కోసమే చూసేవాళ్ళు. ఈ పద్ధతిని నిలబెట్టింది రాచ్‌డేల్ అనే మిల్లుల ఊళ్ళో 28 మంది. 1844 డిసెంబరు 21న కొట్టు తెరిచారు. అమ్మకానికి పెట్టినవి పిండి, వెన్న, పంచదార, ఓట్‌మీల్, కొన్ని కొవ్వొత్తులు, అంతే. కల్తీ ఉండదు, అప్పు ఉండదు.

మరి ఇన్ని వ్యాపారాలెందుకంటావా? నా బుర్రకి తట్టింది చెప్తా. కంపెనీవాడు ఏ వ్యాపారంలో డబ్బుందా అని చూస్తాడు. వీళ్ళు సభ్యుడి ఇంటి ఖర్చుల చిట్టా ముందేసుకుంటారు. లింకన్‌షైర్ అనే ప్రాంతంలోని కో-ఆపరేటివ్ సొసైటీనే చూడు, 1861లో పుట్టింది. ఇప్పుడు దానికి సరుకుల కొట్లు, మందుల షాపులు, పోస్టాఫీసులు, ట్రావెల్ ఆఫీసులు, అంత్యక్రియల విభాగం అన్నీ ఉన్నాయి. సరుకుల్లో మిగిలేది తక్కువే, కానీ మనిషి రోజూ గుమ్మం తొక్కుతాడు. అంత్యక్రియలకి జీవితంలో ఏ నాలుగైదు సార్లో వస్తాడు. ఆ ఒక్క రోజు బేరమాడే ఓపిక ఎవరికుంటుంది చెప్పు? రోజూ పాలు కొన్న చోటికే వెళ్తాడు. పైగా చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోతే ఊరుమ్మడి గోతిలో పాతేస్తారన్న భయం ఒకప్పటి కూలి జనానికి చాలా ఉండేది. అందుకే నాకు ఈ విభాగమే అన్నిటికన్నా అర్థవంతంగా కనిపిస్తుంది. నువ్వు వెటకారం చేసింది కూడా దీన్నే!

ఒకటి పడుకుంటే ఇంకొకటి లాగుతుంది. 2020లో కోవిడప్పుడు మా వీధి ట్రావెల్ ఆఫీసుకి తాళం. పక్కనే సరుకుల కొట్టు ముందు క్యూ. నాకు ఎప్పుడూ స్పెయిన్ టికెట్లు చూపించి ఊరించే అమ్మాయి మాస్కు పెట్టుకుని అరల్లో టాయిలెట్ పేపరు సర్దుతోంది. జీతమైతే ఆగలేదంది.

చిన్న సొసైటీలు పెద్ద సూపర్‌మార్కెట్లతో ఎలా నెగ్గుకొస్తాయి అంటే, కొనుగోలు మాత్రం కలిసి చేస్తాయి. 1863లోనే మాంచెస్టర్ కేంద్రంగా సొంత హోల్‌సేల్ సంఘం పెట్టుకున్నారు. పదేళ్ళకి బిస్కెట్ల ఫ్యాక్టరీ, బూట్ల ఫ్యాక్టరీ కూడా. ఎవరి సొసైటీ వాళ్ళదే, గోడౌనుకి వచ్చే సరుకు బేరం మాత్రం అందరిదీ.

అన్నీ బాగున్నట్టు రాస్తున్నానని తిట్టకు. దేశమంతా ఉన్న పెద్ద కో-ఆపరేటివ్ గ్రూపు సంగతి విను. 2009లో వాళ్ళ బ్యాంకు బ్రిటానియా అనే బిల్డింగ్ సొసైటీని, అంటే ఇళ్ళకి అప్పులిచ్చే సభ్యుల సంస్థని, కలుపుకుంది. 2013కల్లా బ్యాంకులో 150 కోట్ల పౌండ్ల లోటు బయటపడింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, 2014లో గ్రూపు తన పొలాలూ మందుల షాపులూ అమ్ముకోవాల్సి వచ్చింది. పాల డబ్బా కొనే ఏ సభ్యుడు అడిగాడురా అంత పెద్ద బ్యాంకుని? చివరికి 2025 జనవరిలో ఆ బ్యాంకుని కోవెంట్రీ బిల్డింగ్ సొసైటీ కొంది. అదీ సభ్యుల సొంతమే, చూడు తమాషా.

ప్రాంతీయ సొసైటీలో అలాంటివి జరగవని కాదు. కాకపోతే డైరెక్టరు మన ముందే నిలబడి జవాబు చెప్పుకోవాలి. మొన్నటి మీటింగులో ఒక పెద్దాయన, కొట్లో పోస్టాఫీసు కౌంటరు ఐదింటికే ఎందుకు మూస్తున్నారని లేచి పావుగంట దులిపేశాడు. వేల మంది సభ్యుల్లో వచ్చింది అరవై మంది, అందులో సగం టీ కోసం. అదే నాకు నచ్చనిది. ఓటుంది, వేసేవాళ్ళు లేరు.

అన్నట్టు, ఈసారి నాకూ డివిడెండు పడింది. పడిందని చెప్పుకోవడానికే సిగ్గేసేంత. ఆ డబ్బుతోనే ఈ ఉత్తరానికి స్టాంపు కొంటున్నా, ఆ కౌంటర్లోనే. ఐదయ్యేలోగా పరిగెత్తాలి, ఉంటా.

నీ
మురళి