విద్యార్థి రోబోటిక్స్ సంఘం వార్షిక నివేదిక: లీనియర్ యాక్చుయేటర్ల ఎంపిక, బిగింపు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం వెచ్చించిన సమయంలో అధిక భాగం మోటారుతో స్క్రూను తిప్పి రాడ్‌ను ముందుకు, వెనక్కి నెడుతూ పోటీ రోబో చేతిని పైకెత్తే లీనియర్ యాక్చుయేటర్‌ను ఎంచుకోవడానికి, దాన్ని చట్రానికి సరిగా బిగించడానికి పట్టింది. శిక్షణ తరగతులు, నెలవారీ సమావేశాలు యథావిధిగా జరిగాయి గనుక వాటిని ఇక్కడ విస్తరించడం లేదు.

గత ఏడాది మనం యాక్చుయేటర్ మీద ముద్రించిన బలం అంకెను చూసి కొన్నాము. ఆ అంకెలో తప్పేమీ లేదు. బిగించే కోణాన్ని లెక్కవేయకపోవడమే మన పొరపాటు. కీలుకు 400 మి.మీ. దూరంలో 5 కిలోల బరువు ఉందనుకుంటే, చేయి అడ్డంగా చాచి ఉన్నప్పుడు కీలు మీద దాదాపు 19.6 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) పడుతుంది. రాడ్‌ను కీలుకు 80 మి.మీ. దూరంలో తగిలించి, అది చేతికి లంబంగా తోసేలా అమరిస్తే 245 న్యూటన్లు సరిపోతాయి. అదే రాడ్ చేతికి 30 డిగ్రీల కోణంలో తోస్తే 490 న్యూటన్లు కావలసి వస్తుంది. చేతి సొంత బరువు, ఘర్షణ, కుదుపులు ఇందులో చేరలేదు. తగిలించే చోటును కీలుకు దూరంగా జరిపితే బలం అవసరం తగ్గుతుంది గాని, చేయి అంతే కోణం తిరగడానికి ఎక్కువ స్ట్రోక్ (రాడ్ కదిలే దూరం) కావాలి, ఎక్కువ సమయమూ పడుతుంది. అందుకే ఈసారి కొనుగోలుకు ముందే అట్టముక్కలతో, గుండుసూదులతో నమూనా చేసి, చేయి కదిలే ప్రతి స్థితిలోనూ కోణం కొలిచాము. ఆ సాయంత్రాలు కొందరికి విసుగు పుట్టించిన మాట నిజమే.

ఒకే మోటారుకు గేర్ల నిష్పత్తి మార్చి బలం పెంచితే వేగం తగ్గుతుంది. చేయి ఎత్తిన చోటే నిలవాలి కాబట్టి, కరెంటు ఆగినా జారని సాధారణ స్క్రూ రకాన్ని ఎంచుకున్నాము. తనంతట తాను బిగిసి ఉండే ఈ రకంలో సగానికి పైగా శక్తి ఘర్షణకే పోతుందని తెలిసే తీసుకున్నాము. మరల మధ్య ఉక్కు గుండ్లు దొర్లే బాల్ స్క్రూ శక్తిని అంతగా వృథా చేయదు గాని, బరువుకు వెనక్కి తిరుగుతుంది గనుక దానికి బ్రేకు అవసరం.

బిగింపులో ప్రధాన నియమం, రాడ్ మీద పక్కబలం పడకూడదు. అందుకు యాక్చుయేటర్ రెండు చివరలా పిన్నులు ఉండాలి, అవి ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, రెండూ స్వేచ్ఛగా తిరగాలి. గట్టిగా బిగిస్తే మేలని తొలి సమావేశంలో వినిపించిన వాదన తప్పని రెండో వారంలోనే తేలింది: ఒక చివరను బోల్టులతో కదలకుండా బిగించగా రాడ్ పట్టేసింది. పిన్నును ఒకవైపు రేకు మీదే వేలాడదీయక, బ్రాకెట్ రెండు రేకుల మధ్య నిలపడం వల్ల అది వంగే ప్రమాదమూ తగ్గింది. పొడవైన స్ట్రోక్ తీసుకునేవారు గుర్తుంచుకోవలసిన విషయం మరొకటుంది: సన్నని రాడ్ పొడవు రెట్టింపైతే, వంగిపోకుండా అది మోయగల బరువు నాలుగో వంతుకు పడిపోతుంది.

లోపలి లిమిట్ స్విచ్‌లు స్ట్రోక్ చివరన మాత్రమే మోటారును ఆపుతాయి. చేయి అంతకుముందే చట్రానికి తగిలితే స్విచ్‌కు ఆ సంగతి తెలియదు. మోటారు తోస్తూనే ఉంటుంది. మన తొలి బ్రాకెట్ వంగింది ఇందువల్లనే. ఇప్పుడు చేతికి విడిగా స్విచ్, మోటారు తీగకు తగిన ఫ్యూజు పెట్టాము.

డ్యూటీ సైకిల్ 25 శాతమంటే 4 నిమిషాల్లో 1 నిమిషం మాత్రమే నడపాలని అర్థం. ఆట కొద్దిసేపే కాబట్టి పోటీలో ఇబ్బంది లేదు. గంటల తరబడి సాగే సాధనలోనే మోటారు వేడెక్కింది. అందువల్ల సాధనకు వేరే యాక్చుయేటర్ కేటాయించాము.

రెండు యాక్చుయేటర్లను పక్కపక్కన వాడాలన్న ప్రతిపాదనను కార్యవర్గం వాయిదా వేసింది. రెండింటి వేగం ఏ కొంచెం తేడాగా ఉన్నా చేయి మెలిపడుతుంది గనుక, ఒక్కొక్కదానికి స్థానం తెలిపే పొటెన్షియోమీటర్ అమర్చి, ప్రోగ్రాములో రెండింటినీ జతపరచి చూపిన తరువాతే ఆ ప్రతిపాదన మళ్లీ సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది.