తుక్కు చేసేముందు ముద్రలు రాసిపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించడం మామూలే. మా పొదిలి, కనిగిరి వైపు వాటిలో తాతల నాటి జోడు గొట్టాల తుపాకులూ ఉంటాయి. లైసెన్సున్న పెద్దాయన పోయాక, మాకెందుకీ తలనొప్పని వారసులు వదిలేసుకుంటున్నారు. గడువులోగా ఎవరూ రాకపోతే అది ప్రభుత్వపరం, ఆ తర్వాత తుక్కు. అలా పోయేలోపు దాని మీది ముద్రలూ అంకెలూ ఎవరో ఒకరు రాసిపెట్టాలి.

మా మేనమామ తుపాకి మీద ‘పి. ఓర్ అండ్ సన్స్, మద్రాసు’ అని చెక్కి ఉంది. మద్రాసులోనే తయారైందని ఇంటిల్లిపాదీ నమ్మారు. గడియారాలు, నగలు అమ్మిన ఆ కంపెనీ తుపాకులూ అమ్మింది. పైన కనిపించేది అమ్మినవాళ్ల పేరే కావచ్చు. అసలు జాతకం గొట్టాలు విడదీస్తే అడుగున ఉంటుంది. లైసెన్సున్న డీలరు చేత, లోపల తూటాల్లేవని చూశాకే విప్పించాలి. కిరీటం కింద బీపీ, బీవీ అక్షరాలుంటే 1904 తర్వాత ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో గొట్టం బలం పరీక్షించిన తుపాకి అది. కోడిగుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ ఉంటే బెల్జియంలోని లీయెజ్‌లో. గొట్టం మీద అలలలాంటి చారలుంటే అది ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చుట్టింది. నల్ల తుపాకిమందు కాలపు సరుకు. ఇప్పటి తూటాతో పేల్చిచూద్దామనే సరదా అస్సలు పనికిరాదు. నవాబు బహుమతి, కోట్లు పలుకుతుందని ఊరించే దళారుల మాటా అంతే.

కాగితాల వెతుకులాట ఇంకో తిప్పలు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంతకుముందు కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు కింద, ఒంగోలు, అద్దంకి గుంటూరు కింద, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు కింద ఉండేవి. కాబట్టి 1950ల నాటి లైసెన్సు ఎవరి పేరనుందో తేల్చాలంటే ఒంగోలు కలెక్టరేట్‌లో ఆరా తీస్తే చాలదు. తుపాకి నంబరు చేతిలో ఉంటే పాత రికార్డుల్లో వెతకొచ్చు, తయారీ కంపెనీ పుస్తకాలు ఇప్పటికీ ఉంటే వాళ్లకూ రాయొచ్చు. నంబరే పోతే దారి లేదు.

మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధాలకు 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అలాంటివి మ్యూజియానికి ఇవ్వడానికి అడ్డేమిటి? అయితే మన తుపాకి ఆ కోవలోదేనని ఇంట్లో కూర్చుని మనమే తేల్చుకోకూడదు. ఆ మాట అధికారులే చెప్పాలి.

నెల్లూరు, ప్రకాశం కలెక్టర్లు పురావస్తు శాఖతో మాట్లాడి, ప్రభుత్వపరమైన ప్రతి పాత తుపాకికీ ఒక పేజీ వివరాలు, ముద్రల ఫొటోలు, నంబరు భద్రపరిచాకే తుక్కు ఉత్తర్వు మీద సంతకం పెట్టాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, పొదిలి