వెలిగొండ లెక్క జనం ముందు పెట్టండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లను సొరంగాల్లో మా పశ్చిమ ప్రకాశానికి మళ్లించే వెలిగొండ ప్రాజెక్టు మీద గత వారం మీ జిల్లా ఎడిషన్‌లో వచ్చిన వార్త చదివిన దగ్గర్నుంచీ రాయాలనుకుంటూనే ఉన్నాను. మళ్లీ సమీక్ష, మళ్లీ కొత్త గడువు. పాత గడువు ఎందుకు తప్పిందో మాత్రం అంత పెద్ద వార్తలో ఒక్క వాక్యం కూడా లేదు. మీ విలేకరి అడిగారో లేదో, అడిగితే జవాబు రాలేదో నాకు తెలియదు గానీ, పశ్చిమ ప్రకాశం వాళ్లకు కావాల్సింది ఆ ఒక్క వాక్యమే.

1996లో చంద్రబాబునాయుడు గారు శంకుస్థాపన చేశారు. 2004లో రాజశేఖరరెడ్డి గారు వచ్చాక సాగునీటి ప్రాజెక్టుల కార్యక్రమమైన జలయజ్ఞంలో పెట్టి పనులు కదిలించారు. రాష్ట్రం విడిపోయాక వచ్చిన ప్రభుత్వం తన గడువులు తాను చెప్పింది, 2019లో వచ్చిన ప్రభుత్వం ఇంకా తక్కువ ధరకు చేసేవాళ్ల కోసం రివర్స్ టెండర్ పిలిచి ఎన్ని కోట్లు మిగిలాయో గొప్పగా ప్రకటించింది. 2021లో మొదటి సొరంగం, 2024 జనవరిలో రెండో సొరంగం తవ్వకం అయింది. అదే ఏడాది మార్చిలో ఎన్నికల ముందు జగన్‌మోహన్‌రెడ్డి గారు వచ్చి రెండు సొరంగాలనూ జాతికి అంకితం చేశారు. ఇప్పుడు మళ్లీ చంద్రబాబునాయుడు గారే ముఖ్యమంత్రి. ఇందులో ఏ పార్టీనీ వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు, అందరికీ ఓట్లు వేసిన ప్రాంతమే మాది.

అంకితం చేసిన ఆ ఏడాదే జూలై ఆఖరుకి శ్రీశైలం నిండి గేట్లు ఎత్తారు. 2025లో ఇంకా ముందే, జూలై రెండో వారంలోనే ఎత్తారు. రెండుసార్లూ కృష్ణమ్మ సముద్రం దాకా పోయింది గానీ సొరంగాలు మొదలయ్యే కొల్లంవాగు దగ్గర మలుపు తిరిగి మా వైపు రాలేదు. పూర్తయి జాతికి అంకితమైన ప్రాజెక్టులోకి రెండు వరద సీజన్లలో నీళ్లు ఎందుకు రాలేదని ఏ అధికారినైనా సస్పెండ్ చేశారా? కనీసం మెమో ఇచ్చారా? పూర్తయిందని సంతకం పెట్టిన ఇంజినీరు ఎవరో, ఆ కాగితం ఏ ఫైల్లో ఉందో జనానికి తెలియనక్కర్లేదా?

కారణాలు మాకు తెలియక కాదు అడుగుతున్నది. సొరంగం ఒక్కొక్కటి 18 కిలోమీటర్ల పైన ఉంటుంది. రెండోదాంట్లో తవ్వే యంత్రం మధ్యలో ఇరుక్కుపోతే మిగతాది మనుషుల చేత తవ్వించారు. ఆ యంత్రాన్ని ముక్కలు చేసి బయటికి తీయాలి, సొరంగం లోపల కాంక్రీటు లైనింగ్ చేయాలి, సొరంగాల నుంచి నీళ్లు తీసుకెళ్లే ఫీడర్ కాలువ పటిష్ఠం చేయాలి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య కట్టిన ఆనకట్టల వెనక నల్లమల సాగర్ జలాశయంలో నీళ్లు నిలపాలి. నిలపాలంటే ముంపు గ్రామాలు ఖాళీ కావాలి. ఇవన్నీ మిగిలే ఉన్నాయని అంకితం చేసిన రోజున వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసీ శిలాఫలకం వేశారు. నా కోపం అక్కడ. పని ఆలస్యమైందంటే అర్థం చేసుకుంటాం, నల్లమల కొండ తవ్వడం మాటలు కాదు. కాని పనిని అయిందని చెప్పడాన్ని ఏమని అర్థం చేసుకోవాలి?

ముంపు గ్రామాల సంగతి వేరే లేఖ రాయాల్సినంత ఉంది. సుంకేసుల, గుండంచెర్ల, కలనూతల లాంటి 11 గ్రామాల వాళ్లు ఇరవై ఏళ్లుగా అక్కడే ఉండి అక్కడ లేనట్టు బతుకుతున్నారు. ఎలాగూ మునిగే ఊరని కొత్త రోడ్డు వేయరు, కొత్త బడి గది కట్టరు, ఇల్లు కారుతుంటే బాగు చేయించుకోవాలన్నా ఎందుకు దండగ అనుకుంటారు. ముంపు కుటుంబాల జాబితా రాసిన నాడు చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు పెళ్లిళ్లయి పిల్లలున్నారు, వాళ్లు వేరే కుటుంబం కింద లెక్కకొస్తారా రారా అన్నది ఒక్కో అధికారి ఒక్కోలా చెప్తాడు. సాగునీటి ప్రాజెక్టుల్లో భూమి మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని 2013 భూసేకరణ చట్టమే చెప్తోంది. సొరంగానికి బిల్లులు పడినంత వేగంగా ఈ కుటుంబాలకు పరిహారం ఎందుకు పడలేదు? 2012లోనే జలయజ్ఞం మీద కాగ్ విడిగా నివేదిక ఇచ్చింది. భూసేకరణ, పునరావాసం, అనుమతులు చూసుకోకుండా పనులు అప్పగించేశారని అందులో తప్పుపట్టింది. నివేదిక శాసనసభలో పెట్టారు, పత్రికల్లో రెండు రోజులు వచ్చింది, అంతే. ఆ తప్పే అలాగే కొనసాగింది.

కాగితాల మీద అశ్రద్ధ కూడా తక్కువేమీ కాదు. 2014 విభజన చట్టం పదకొండో షెడ్యూలులో, పూర్తి చేయాల్సిన ప్రాజెక్టుల్లో వెలిగొండ పేరు ఉంది. 2021 జూలైలో కృష్ణా బోర్డు పరిధి మీద కేంద్రం ఇచ్చిన గెజిట్‌లో అనుమతి ఉన్న ప్రాజెక్టుల్లో ఆ పేరు లేదు. ప్రకాశం జిల్లా ఎమ్మెల్యేలు ఉత్తరాలు రాసేదాకా ఇది ఎవరూ పట్టించుకోలేదంటే, నీటిపారుదల శాఖలో ఇంతమంది ఏం చూస్తున్నట్టు? చట్టంలో ఉన్న పేరు గెజిట్‌లో పడేలా చూడటం కూడా రైతులే చేసుకోవాలా?

నీళ్లు రాకపోతే ఏమవుతుందో ఒంగోలులో కూర్చున్నవాళ్లకు, అమరావతిలో కూర్చున్నవాళ్లకు ఎవరైనా చెప్పాలి. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. ఆ నీళ్లు తాగి నడుం వంగిపోయినవాళ్లు, పళ్లు గారపట్టిన పిల్లలు ఊరూరా ఉన్నారు. మార్కాపురంలో వేసవి వస్తే కొళాయి ఎప్పుడు వస్తుందో తెలియని టెన్షన్, ట్యాంకర్ వచ్చిందంటే బిందెలతో తోపులాట. కూలి డబ్బుల్లోంచి రోజూ క్యాన్ నీళ్లకు తీయాల్సిందే. వెయ్యి అడుగులు దించినా పడని బోర్లకు అప్పులు చేసి, ఆ అప్పులు తీర్చడానికి హైదరాబాద్‌కో బెంగళూరుకో బేల్దారి పనికి పోయిన రైతులు ప్రతి ఊళ్లో ఉన్నారు. 43.5 టీఎంసీల నీళ్లు, 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 30 మండలాల్లో 15 లక్షల మందికి తాగునీరు అని ప్రతి సమీక్షలో చదువుతారే, ఆ అంకెల వెనక ఉన్నది వీళ్లే.

ట్యాంకర్ల లెక్క కూడా అడగాల్సిందే. ఏటా వేసవికి ఎన్ని ట్రిప్పులు తోలారు, ఎన్నింటికి బిల్లు పెట్టారు, ఏ వీధికి ఏ రోజు వచ్చింది అన్నది ఊరి సచివాలయం గోడ మీద అంటించడానికి ఖర్చెంత? ఉపాధి హామీ పనుల్లో రోజుకూలి తీసుకున్న అవ్వ సంతకం సరిపోలకపోతే సామాజిక తనిఖీలో గ్రామసభ పెట్టి అందరి ముందూ నిలబెట్టి అడుగుతారు. మంచిదే, అడగాలి. కోట్ల పనికి అలాంటి గ్రామసభ ఒక్కటి కూడా పెట్టరేం?

నేను అర్జీ పెట్టి చూశాను. సోమవారం గ్రీవెన్స్‌లో ట్యాంకర్ రికార్డు చూపించమని అడిగితే రసీదు ఇచ్చారు, తర్వాత ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, సమస్య పరిష్కరించబడింది అని. నాకు ఎవరూ ఫోన్ చేయలేదు, ఏ రికార్డూ చూపించలేదు. ఇంకోవైపు, పంచాయతీలను అడుగుదామంటే వాళ్ల దగ్గర డబ్బుల్లేవు. గత ప్రభుత్వంలో ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద సర్దేస్తే సర్పంచులు రోడ్డెక్కిన సంగతి మీ పత్రికలోనే చదివాం. ఊరికి వచ్చిన డబ్బు ఊరికి చెప్పకుండా తీసుకోవచ్చనుకున్నప్పుడే మర్యాద పోయింది. మా చిన్నప్పుడు ఓవర్సీరు కాలువ గట్టు మీద నిలబడితే రైతులు చుట్టూ చేరి అడిగేవాళ్లు, ఆయన అక్కడే జవాబు చెప్పేవాడు. ఇప్పుడు ఇంజినీరును కలవాలంటే మంత్రి పర్యటన కోసం ఎదురుచూడాలి, ఆ రోజు కూడా పోలీసులు తాడు కట్టి అవతల నిలబెడతారు.

నేను కోరేది పెద్ద విషయమేమీ కాదు. దోర్నాల దగ్గరా, సుంకేసుల దగ్గరా, మార్కాపురం ఆర్డీవో ఆఫీసు ముందూ తెలుగులో బోర్డు పెట్టండి. ఏ ప్యాకేజీకి మొదటి అంచనా ఎంత, సవరించిన అంచనా ఎంత, ఇప్పటిదాకా ఎంత బిల్లు చెల్లించారు, ఎంత పని మిగిలింది, బాధ్యత ఏ ఇంజినీరుది, ఎన్ని కుటుంబాలకు పరిహారం అందింది, ఎన్నింటికి అందలేదు. ప్రతి నెలా మార్చండి. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఇవన్నీ మేం అడగకుండానే బయటపెట్టాల్సినవి. రివర్స్ టెండర్‌లో మిగిలిన డబ్బు చెప్పినవాళ్లు గడువులు తప్పినందువల్ల పెరిగిన ఖర్చు కూడా చెప్పాలి. ఫీడర్ కాలువలో నీళ్లు పారేదాకా ఇంకో శిలాఫలకం వేయకూడదు, ఏ ప్రభుత్వమైనా సరే.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఈసారి సమీక్ష జరిగినప్పుడు మీ విలేకరిని కొత్త గడువు రాసుకోవడానికి కాకుండా, పాత గడువు తప్పించినవాళ్ల పేర్లు అడగడానికి పంపండి. చెప్పకపోతే చెప్పలేదనైనా రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మార్కాపురం