లిస్టు పక్కన పెట్టు బావా

ఒంగోలు,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

వందనాలు. నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మతో కలిసి మళ్ళీ చర్చికి వెళ్తున్నావని చెబితే మీ చెల్లెలు నమ్మలేదు, ఉత్తరం లాక్కుని తనే చదువుకుంది. కానీ నువ్వు రాసుకున్న లిస్టు చూసి నాకు నవ్వొచ్చింది. తెల్లవారుజామున గంట ప్రార్థన, రోజుకి అయిదు అధ్యాయాలు, శుక్రవారం ఉపవాసం, దశమభాగం అని ఆదాయంలో పదో వంతు చర్చికివ్వడం, టీవీ బంద్! ఇన్నీ ఒక్కసారే నెత్తికెత్తుకుంటే నెల తిరక్కుండా చేతులెత్తేస్తావు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నావు కాబట్టి రాస్తున్నా. నేనేం పాస్టర్ని కాదు, పైపులూ కుళాయిలూ అమ్ముకునేవాణ్ణి. ఆ లెక్కలోనే విను.

ప్రార్థన నేర్పమని శిష్యులు అడిగితే యేసు నేర్పింది పరలోక ప్రార్థన. అది నీకు సండే స్కూల్లోనే నోటికొచ్చు. ఎంత నిదానంగా చెప్పుకున్నా రెండు నిమిషాలు పట్టదు. రాత్రి అన్నాలకి ముందు పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఒక పాట, ఓ పది వచనాలు, ఆ ప్రార్థన, అంతే చాలు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని చేసుకోమని కూడా ఆయనే అన్నాడు. మా వీధిలో మైకులు పెట్టేవాళ్ళకి ఆ వచనం ఎందుకు కనపడదో మరి. (ఈ ముక్క మా పాస్టరయ్యగారి చెవిన వెయ్యకు.) ఉపవాసమూ అంతే. ముఖం కడుక్కుని, తలకి నూనె రాసుకుని, ఎవరికీ తెలియకుండా ఉండమన్నాడు. నువ్వేమో వాట్సాప్ స్టేటస్ పెడతానంటున్నావు!

దశమభాగం చేతికొచ్చే జీతం మీదా, కటింగులు పోకముందు జీతం మీదా అని అడిగావు చూడు, అది చదివి మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం. ఇదేమన్నా ఇన్‌కం టాక్సా? మా అమ్మని గుర్తు తెచ్చుకో. కొలిచిన బియ్యం ఎసట్లో పోసే ముందు ఓ పిడికెడు తీసి గూట్లో ఉన్న హార్లిక్స్ సీసాలో వేసేది. రెండు పూటలా అంతే. ఆదివారం ఆ సీసా తీసుకెళ్ళి చర్చిలో గోనెసంచిలో ఒంపేది. ఇంట్లో బియ్యం నిండుకున్న వారం కూడా సీసా ఖాళీగా వెళ్ళేది కాదు. పిడికిలి కాస్త చిన్నదయ్యేది, అంతే.

ఇచ్చే సంగతి వచ్చింది కాబట్టి, అప్పట్లో మన ఒంగోల్లో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొర కథ. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో 2,222 మందికి బాప్తిస్మం అని మనం చిన్నప్పటి నుంచీ విన్నదే. అందరూ ఆ అంకె దగ్గర ఆగిపోతారు. నాకు నచ్చేది అంతకు ముందు సంగతి. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పనీ, కూలీ ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడుతున్నా, కరువు సాయం నడుస్తున్నన్నాళ్ళూ ఇవ్వనన్నాడు. కూలి డబ్బుల కోసం ఎవరూ మతంలోకి రాకూడదని. బియ్యం సంచి ఇస్తూ ఫొటో దిగేవాళ్ళు ఈ కథ వింటే బాగుండు.

ఇక నా షాపు. 'అవునంటే అవును, కాదంటే కాదు' అన్న మాట బైబిల్లో చదవడం తేలిక, కౌంటర్ వెనక నిలబడితే తెలుస్తుంది. 'సరుకు రేపొస్తుంది' అన్నది మా లైన్లో ఊతపదం. ఎప్పుడొస్తుందో నాకు తెలియకపోతే తెలియదనే చెప్తాను. కొందరు పక్క షాపుకి వెళ్ళిపోతారు, పోనీ. ఇంకోటి, ప్లంబర్ ఓనరుని వెంటబెట్టుకొచ్చి పక్కన నిలబడి కన్ను కొడతాడు, బిల్లులో తన కమిషన్ కలపమని. నేను కలపను. ఎంత కావాలో ఓనరునే అడిగి తీసుకోమంటాను. దాంతో ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు నా షాపు మెట్లెక్కడం మానేశారు. పోయినదానికి రెట్టింపు దేవుడిచ్చాడని చర్చిలో సాక్ష్యం చెప్పాలని నాకూ ఉంది, ఇంకా ఇవ్వలేదు మరి.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తా. మా వీధి చివరింటి పెద్దమ్మ తెలుసుగా, నోరు తెరిస్తే వీధంతా వినపడుతుంది. నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల, అదే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. ముందురోజు సాయంత్రం ఈవిడ తల దువ్వుకుని, కొంగు భుజాన కప్పుకుని బయల్దేరుతుంది, ఆ నెల్లో ఎవరితో మాటామాటా వచ్చిందో వాళ్ళింటికి. మొన్న ఎదురింటి కోడలి వంతు, కుళాయి దగ్గర బిందె జరిపిందని గొడవ. గుమ్మంలోనే నిలబడి, "అమ్మాయ్, ఆ రోజు నేనన్నది ఎక్కువైంది. మనసులో పెట్టుకోకు" అంది. ఆ పిల్ల కుర్చీ వేసే లోపలే వెనక్కి తిరిగింది. అలాగని బిందెల వరసలో తన చోటు వదులుకుందా? సోమవారం పొద్దున్న మళ్ళీ అందరికన్నా ముందు ఆవిడ బిందే.

అర్పణ తెచ్చినప్పుడు నీ సహోదరుడికి నీ మీద ఏమైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు యేసు. ఎవరిది తప్పో తేలాక వెళ్ళమనలేదు. ఒరే, నీ లిస్టంతా వెతికాను, మీ అన్నయ్య పేరు లేదు. ఆ ప్రహరీ గోడ లేచి సున్నం కూడా పెచ్చులూడుతోంది, మీ ఇద్దరికీ మాటల్లేవు. మొన్న షాపుకొచ్చాడు, బోరుకి ఫుట్ వాల్వు కావాలని. చిల్లర తీసుకుని మెట్లు దిగుతూ, అటే చూస్తూ, "వాడు బాగున్నాడా?" అన్నాడు. బాగున్నాడన్నాను. ఇంకేమీ అడగలేదు, కానీ వెంటనే కదల్లేదు కూడా.

గంట ప్రార్థన సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు ఫోన్ చెయ్యి. స్థలం ఊసెత్తకు. వదిన మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో అడుగు, అక్కడి నుంచి ఆయనే మాట్లాడతాడు. ఆయన నంబరు మారింది. కొత్తది మీ చెల్లెలు వాట్సాప్ చేస్తుంది. మధ్యాహ్నం రెండింటికి చెయ్యి, అన్నం తిని కునుకు తియ్యకముందు దొరుకుతాడు.

ఇట్లు,
నీ బావ