కారు పడుతుంది సరే, దిగేదెలా?

సంపాదకులకు,

గృహ నిర్మాణ అనుబంధంలో మీరు వేస్తున్న ఇంటి ప్లాన్లలో ఒక మూల 'కార్ గ్యారేజ్ 10 × 15' అని రాసి వదిలేస్తున్నారు. ఆ పదడుగులు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో ఉండదు. గోడ మధ్య నుంచి గోడ మధ్యకు కొలిచినవైతే, 9 అంగుళాల గోడల నడుమ మిగిలేది 9 అడుగుల 3 అంగుళాలు. రెండు వైపులా ప్లాస్టరింగ్‌కు అర అంగుళం చొప్పున తీసేస్తే 9 అడుగుల 2 అంగుళాలు. అంటే కాగితం మీది గది కట్టేసరికి 10 అంగుళాలు చిక్కిపోయింది.

ఆ జాగాలో 6 అడుగుల వెడల్పున్న ఎస్‌యూవీని సరిగ్గా మధ్యలో నిలిపారనుకుందాం. అటూ ఇటూ 19 అంగుళాల చొప్పున మిగులుతుంది. తలుపు తెరిస్తే దాని అంచు గోడకు తగులుతుంది. తలుపు మందం పోగా మనిషి దిగడానికి మూరెడు జాగా కూడా ఉండదు. పిల్లల సీటు బిగించాలన్నా, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు దిగాలన్నా ఇక కారును బయటికి తీయాల్సిందే. నెల తిరక్కుండానే గ్యారేజీ సామాన్ల గదిగా మారి, కారు వీధిలో నిలబడేది ఇందుకే.

కాబట్టి లెక్క మొదలుపెట్టాల్సింది కారు తలుపు దగ్గర. డ్రైవరు వైపు రెండున్నర అడుగులు, రెండో వైపు కనీసం 2 అడుగులు, మధ్యలో కారు 6 అడుగులు. మొత్తం 10 అడుగుల 6 అంగుళాలు, అదీ ప్లాస్టరింగ్ అయ్యాక లోపల మిగలాల్సిన కొలత. చిన్న కారు వెడల్పు 5 అడుగుల 7 అంగుళాల దగ్గర ఉంటుంది కాబట్టి ఇంకాస్త కలిసొస్తుంది. కానీ కారు మారినంత తేలిగ్గా గోడలు మారవు, పెద్ద కారుకే లెక్క వేసుకోవడం మేలు. పక్క గోడకు అడుగున్నర లోతు అరలు కావాలంటే వెడల్పు 12 అడుగులు చేయాలి. ఇంకో మెలిక ఏమిటంటే, కంపెనీ ఇచ్చే కారు వెడల్పులో సాధారణంగా పక్క అద్దాలు కలపరు. రెండు అద్దాలకూ కలిపి మరో 8 నుంచి 10 అంగుళాలు. గ్యారేజీ లోపలికంటే గుమ్మం దగ్గరే దీనితో చిక్కు. అందుకే షట్టర్ వెడల్పు 8 అడుగులుంటే ప్రతిసారీ ఊపిరి బిగబట్టి దూర్చాలి, 9 అడుగులుంటే హాయి.

పిల్లర్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 9 అంగుళాల గోడలో 12 అంగుళాల పిల్లర్ వస్తే 3 అంగుళాలు బయటికో లోపలికో పొడుచుకు రావాలి. బయటి ముఖం నున్నగా ఉండాలని మేస్త్రీ దాన్ని లోపలికి నెడతాడు. అది సరిగ్గా ముందు తలుపు తెరుచుకునే చోట పడిందంటే తలుపు అంచు రంగు ఊడిపోవడం ఖాయం. పిల్లర్ల స్థానాలు ఖరారయ్యేటప్పుడే కారు బొమ్మను తలుపులు తెరిచినట్టుగా అదే స్కేలులో ప్లాన్ మీద గీయమని అడగాలి. అయిదు నిమిషాల పని.

పొడవు 15 అడుగులంటారా, 13 అడుగుల చిన్న కారుకే అది బొటాబొటి. పెద్ద కార్లు 15 నుంచి 16 అడుగులుంటాయి. పదిహేనున్నర అడుగుల కారు ముందు మనిషి నడవడానికి అడుగున్నర, షట్టర్ వేసి ఉండగానే డిక్కీ తెరిచి సామాను తీసుకోవడానికి వెనక 3 అడుగులు వేసుకుంటే 20 అడుగులు తేలుతుంది. ఎదురుగోడకు పనిముట్ల బల్ల పెట్టాలనుకుంటే దాని లోతు 2 అడుగులు, నిలబడి పనిచేయడానికి 3 అడుగులు. అప్పుడు 23 అడుగుల 6 అంగుళాలు కావాలి. రెండు కార్లకైతే మధ్యలో 3 అడుగులు, గోడల వైపు రెండున్నర చొప్పున వదిలి లోపలి వెడల్పు 20 అడుగులు. వాటికి 16 అడుగుల ఒకే షట్టర్ కంటే 9 అడుగుల షట్టర్లు రెండు పెట్టడమే నయం. ఒకటి మొరాయించినా రెండో కారు బయటికి వస్తుంది. మధ్య పిల్లర్‌కూ చోటివ్వాలి కాబట్టి వెడల్పు అడుగో అడుగున్నరో పెంచుకోవాలి.

షట్టర్ ఎత్తులోనూ చాలామంది మోసపోతారు. గుమ్మం మీది అడ్డ దిమ్మెను, అంటే లింటెల్‌ను, 7 అడుగుల ఎత్తున వేసి, చుట్టుకునే షట్టర్ డ్రమ్మును దాని కిందే బిగిస్తే అడుగుకు పైగా అదే తినేస్తుంది. మిగిలిన 6 అడుగుల లోపు సందులోంచి పైన క్యారియర్ ఉన్న ఎస్‌యూవీ దూరదు. డ్రమ్మును లింటెల్‌కు లోపలివైపు, పైన బిగించాలి. అందుకు లింటెల్ పైనుంచి స్లాబు కింద దాకా అడుగుంపావు ఖాళీ ఉండాలి. అక్కడ బీమ్ అడ్డం వస్తుందేమో ముందే చూసుకోవాలి. రెక్కల గేటైతే తెరుచుకునే దారిలో కారు నిలవకూడదు. పక్కకు జరిగే గేటుకు గుమ్మం వెడల్పంత గోడ పక్కన ఖాళీగా ఉండాలి.

అన్నిటికంటే ఖరీదైన తప్పు నేల మట్టం. ఇంటి నేల వీధి కంటే అడుగున్నర ఎత్తుంటే గ్యారేజీనీ అదే మట్టంలో పోసేస్తారు. ఒకటికి ఎనిమిది వాలుతో ర్యాంపు వేయాలంటే 12 అడుగుల పొడవు కావాలి. ముందు ఉన్నది 5 అడుగులే అయితే ర్యాంపు నిట్రంగా లేచి, పైఅంచున కారు అడుగుభాగం గీరుకుంటుంది. లేదంటే ర్యాంపును వీధిలోకి లాగుతారు, నడిచేవాళ్లకూ మురుగు కాలువకూ అది అడ్డు. దీనికి విరుగుడు, గ్యారేజీ నేలను బయటి నేలకంటే 6 అంగుళాలు మాత్రమే లేపడం. ఆ 5 అడుగుల్లోనే ఒకటికి పది వాలు కుదురుతుంది. ఇంట్లోకి మిగిలిన అడుగు ఎత్తుకు మెట్లు కావాలి. వాటిని ఇంటి వైపు కట్టండి. గ్యారేజీలో కడితే కారు ముందు వదిలిన జాగాను మెట్లే మింగేస్తాయి. నేల ఇలా కిందికి ఉండటంలో ఇంకో లాభం ఉంది. ఒలికిన పెట్రోలు గానీ, నేలబారున పాకే దాని ఆవిరి గానీ ఇంట్లోకి తేలిగ్గా చొరబడదు.

లోపలి నేల గుమ్మం వైపు నూటికి ఒకటి వాలాలి. 20 అడుగులకు సుమారు రెండున్నర అంగుళాలు. గుమ్మం దగ్గర బయటి నేలను ముప్పావు అంగుళం దించి, అడ్డంగా జాలీ కాలువ వేస్తే వాననీరు లోపలికి రాదు. కాంక్రీటు మందం 4 నుంచి 5 అంగుళాలు చాలు. దాని కిందున్న మట్టిని మాత్రం 6 అంగుళాల పొరలుగా వేసి, తడిపి దిమ్మిస కొట్టాలి. టైర్లు నడిచే రెండు చాళ్లు కుంగిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఈ మట్టే, పైన పోసిన కాంక్రీటు కాదు. మెరిసే టైల్స్ ఇక్కడ వద్దు. తడి టైరు జారుతుంది, కింద బోలుగా ఉన్న టైలు మూల పగులుతుంది.

గాలికి గవాక్షాలు రెండు ఎత్తుల్లో కావాలి. పెట్రోలు ఆవిరి బరువైనది, నేల దగ్గర పేరుకుంటుంది. గ్యారేజీలో పెట్టే లెడ్-యాసిడ్ ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ తేలికైనది, పైకప్పు కింద చేరుతుంది. ఎదురెదురు గోడల్లో ఒకటి కింద, ఒకటి పైన పెడితే రెండూ పోతాయి. వీటి భరోసాతో షట్టర్ మూసి ఇంజిన్ నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. పడకగది కిటికీ గ్యారేజీలోకి తెరుచుకునేలా ఉన్న ప్లాన్‌ను మీరు అసలు అచ్చువేయకండి.

ఇప్పుడు విద్యుత్ కారు లేకపోయినా మెయిన్ బోర్డు నుంచి వైర్ల కోసం ఒక పైపు లాగి ఉంచితే మంచిది. ఇళ్లలో సాధారణంగా బిగించే 7 కిలోవాట్ల ఛార్జరు 32 ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి లోడు మించితే కరెంటు ఆపే విడి ఎంసీబీ, లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగ్ తప్పవు. ఛార్జింగ్ మూత కొన్ని కార్లకు ముందు, కొన్నిటికి వెనక పక్కన ఉంటుంది కాబట్టి పాయింటును పక్క గోడ మధ్యలో పెడితే రెంటికీ కేబుల్ అందుతుంది.

ఇవన్నీ సరిచూసుకునే సమయం పునాది తవ్వకముందే. ముగ్గు పోసిన రోజున గోడల లోపలి గీతల వెంట తాడు కట్టి, పిల్లర్ల చోట ఇటుకలు నిలబెట్టి, మధ్యలో కారును నిలపండి. నాలుగు తలుపులూ, డిక్కీ తెరిచి చూడండి. వీధిలోంచి గుమ్మం గీతల మధ్యకు ఎన్ని తిప్పుల్లో వచ్చిందో కూడా లెక్కపెట్టండి. 12 అడుగుల సందులోంచి 9 అడుగుల గుమ్మంలోకి ఒక్క తిప్పుకు రాదు. గుమ్మాన్ని వెడల్పు చేయడమో, వెనక్కి జరపడమో ఆ రోజైతే ముగ్గు చెరిపి మళ్లీ పోసినంత పని.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజనీర్