12 ఎంఎం స్టీల్ కేబుల్ అన్నారు, లోపల 5 ఎంఎం కూడా లేదు: మీ సైకిల్ లాక్‌పై ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగానికి,

తిరుపతిలో కొన్న మీ నంబర్ కేబుల్ లాక్‌ను కట్ చేసి మా పాప సైకిల్ ఎత్తుకుపోయారు. మీకు ఫోన్ చేస్తే "లాక్ దానంతట అది పాడైతేనే వారంటీ సార్, ఎవరైనా కట్ చేస్తే మాకు సంబంధం లేదు" అన్నారు. అసలు తాళం కొనేదే ఎవరూ కట్ చేసి తీసుకుపోకూడదని కదండీ! ఆ మాట అడిగితే లైన్ పెట్టేశారు, అందుకే ఇప్పుడు రాసి పంపిస్తున్నాను. బిల్లు, ఫొటోలు జత చేశాను.

బైరాగిపట్టెడలో ట్యూషన్ బయట మా పాప కిటికీ గ్రిల్లుకి సైకిల్ ఫ్రేమునీ ముందు చక్రాన్నీ కలిపి లాక్ వేసింది, మీ బాక్సు మీద బొమ్మలో ఉన్నట్టే. సాయంత్రం పూట, వీధిలో జనం తిరిగే టైము. బయటికొచ్చి చూస్తే సైకిల్ లేదు, కేబుల్ మాత్రం గ్రిల్లుకి వేలాడుతోంది. నంబరు చక్రాలు తను తిప్పి వదిలినట్టే ఉన్నాయి, అంటే దొంగ వాటి జోలికే పోలేదు. నాలుగు అంకెలు, 10,000 కాంబినేషన్లు అని మీరు అంత పెద్ద అక్షరాలతో వేసుకున్నది దేనికి పనికొచ్చినట్టు? పోలీస్ కంప్లయింట్ ఇచ్చాం, అది వేరే సంగతి.

ఆ కేబుల్ ఇంటికి తెచ్చి నల్లటి ప్లాస్టిక్ తొడుగును బ్లేడుతో చీల్చాను. లోపల సన్నటి తీగలు మెలేసి ఉన్నాయి, తెగిన చోట కొసలు నొక్కుకుపోయి చదునుగా ఉన్నాయి. వెర్నియర్ కాలిపర్స్ పెట్టి కొలిస్తే తొడుగుతో కలిపి 12 ఎంఎం వచ్చింది, ఒట్టి స్టీలు 5 ఎంఎం కూడా రాలేదు. మీ బాక్సు మీదేమో 'హెవీ డ్యూటీ 12 ఎంఎం స్టీల్ కేబుల్' అని ఉంది. సగానికి పైగా మందం ప్లాస్టిక్‌ది పెట్టుకుని అదంతా స్టీలని రాయడం మోసం కాక ఇంకేంటి?

గాంధీ రోడ్డు వైపు ఒక సైకిల్ మెకానిక్‌కి చూపిస్తే చేతిలోకి తీసుకున్న వెంటనే చెప్పేశాడు, "ఇది పేరుకే లాక్ సార్, చిన్న కట్టర్ పెట్టి నాలుగు నొక్కులు నొక్కితే తెగతాది" అని. జేబులో పట్టే కట్టర్ చాలు, చప్పుడు కూడా రాదు. అదే యూ లాక్ అయితే U ఆకారంలో వంచిన గట్టిపరిచిన స్టీలు కడ్డీ, 13 ఎంఎం అంటే మొత్తం లోహమే, దాన్ని తెంచాలంటే పెద్ద బోల్ట్ కట్టరో కటింగ్ మిషనో తేవాలి, మిషన్ పెడితే నిప్పురవ్వలూ చప్పుడూ వీధంతా తెలిసిపోతుంది. అదీ తెగదని కాదు, తెగని తాళం నేనేమీ అడగడం లేదు. ఎంతసేపు ఆగుతుంది, దేనికి ఆగుతుంది అన్నది కొనే ముందు తెలియాలి అంతే. తిరుపతిలో అయితే ఇది ఇంకా ముఖ్యం. ఎప్పుడు చూసినా ఊరినిండా యాత్రికులే, ఎవరు ఊరివాళ్ళో ఎవరు కాదో తెలీదు, ఒకడు సైకిల్ దగ్గర వంగి కూర్చుంటే ఎవరూ అడగరు. బస్టాండ్ దగ్గర, రైల్వే స్టేషన్ దగ్గర సైకిల్ పెట్టి డ్యూటీకి పోయే హోటల్ వర్కర్లు, యూనివర్సిటీకి పోయే పిల్లలు ఈ లాక్‌నే నమ్ముకుని పోతున్నారు.

బ్రిటన్‌లో సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ తాళాలను పనిముట్లతో పగలగొట్టి చూసి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని గ్రేడు ఇస్తుంది. మీ లాక్ అలాంటి టెస్టు దేనికైనా వెళ్ళిందా? 2004లో అమెరికాలో క్రిప్టోనైట్ తాళాలు కొన్ని బాల్ పెన్నుతో తెరుచుకుంటున్నాయని బయటపడితే ఆ కంపెనీ వాటిని తీసుకుని వేరే తాళాలు ఇచ్చింది. మీరేమో లైన్ పెట్టేశారు.

నాకు కావలసింది ఇదీ. లాక్ డబ్బులు పూర్తిగా వాపసు ఇవ్వాలి. బాక్సు మీద ప్లాస్టిక్‌తో కలిపిన మందం కాకుండా లోపలి స్టీలు మందం రాయాలి, హెవీ డ్యూటీ అన్న మాట తీసేసి 'కొద్దిసేపు, కళ్ళ ముందు పెట్టుకునే సైకిల్‌కి మాత్రమే' అని వేయాలి. ఇప్పటికే షాపుల్లో ఉన్న బాక్సుల మీద కూడా స్టిక్కర్ అంటించాలి, ఎందుకంటే రేపు ఇంకో పిల్ల సైకిల్‌కి ఇదే లాక్ పడుతుంది, నాకు ఎక్కువ టెన్షన్ దాని గురించే.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇక్కడి వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. నేనుండే చోటే కేసు వేసుకోవచ్చని ఆ చట్టంలోనే ఉంది. తెగిన కేబుల్, మీ బాక్సు రెండూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ లాక్ కొన్న ఒక తండ్రి,
తిరుపతి