టీకొట్టు తాత సంతకం

చిన్నీకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నకి షుగరు కంట్రోల్లోనే ఉంది కానీ సాయంత్రం నడక మానేశారు. నేను చెబితే వినరు, నువ్వు చెబితే వింటారు. చెప్పాలంటే నువ్వు ఫోన్ చేయాలి కదా. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటే మాట్లాడినట్టు కాదు. మా ఆఫీసులో వేలిముద్ర వేసినవాళ్లని కూడా పేరూ, తండ్రి పేరూ అడిగేవాళ్లం.

పై వాటా వాళ్లు ఖాళీ చేసి వెళ్లారు. మామిడిచెట్టు ఈసారి సరిగ్గా పూయలేదు. బుజ్జిగాడు మొన్న పిన్నితో ఏదో అన్నాడట, నువ్వు రాసిన వార్త మీద ఎవరో నోటీసు పంపారని. పిన్ని సంగతి తెలిసిందేగా, ఒకటి వింటే నాలుగు చెబుతుంది. నేను పట్టించుకోలేదు. ఊరికే, రాసి చాలా రోజులైందని రాస్తున్నాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు క్యాలెండరు వెనక గుండ్రాలూ గీతలూ గీసి, పెద్దపెద్దవాళ్లు విదేశీ కంపెనీల చాటున ఆస్తులు దాచుకున్న పనామా పేపర్ల కథ నాన్నకి చెప్పావు చూడు, ఆ కాగితం నా బీరువాలోనే ఉంది. మోసాక్ ఫోన్సెకా అనే ఒక్క లా కంపెనీ నుంచి బయటపడ్డ కోటీ పదిహేను లక్షల పత్రాలు, 2.6 టెరాబైట్లు. మనుషులు కూర్చుని చదివితే ఎప్పటికీ తెమలదు. అందుకని మనిషికో గుండ్రం, కంపెనీకో గుండ్రం, చిరునామాకో గుండ్రం పెట్టి, ఎవరు వాటాదారో ఎవరు డైరెక్టరో గీతలు కలిపారన్నావు. ఆ సాఫ్ట్‌వేర్ల పేర్లు నియో4జె, లింక్యూరియస్ అని నువ్వే కింద రాశావు, నాకు నోరు తిరగలేదు. ఒక పేరు మీద నొక్కితే దాని చుట్టాలంతా విచ్చుకుంటారట. 2016 ఏప్రిల్ 3న వార్తలు మొదలైతే వారం తిరక్కుండా ఐస్‌లాండ్ ప్రధాని పదవి వదులుకోవాల్సి వచ్చిందని చెబుతుంటే మీ నాన్న నోరు తెరుచుకుని విన్నారు. నాకు మాత్రం టీకొట్టు తాత గుర్తొచ్చాడు. ఆ రోజు చెప్పబోతే కుక్కరు విజిలేసింది.

1998లో 'కార్డ్' అనే పద్ధతి కింద కంప్యూటర్లు రాకముందు మా రిజిస్ట్రేషన్ ఆఫీసులో అంతా చేతి రాతే. ఒకటో ఇండెక్సులో మనుషుల పేర్లు, రెండో ఇండెక్సులో ఆస్తి వివరాలు. ఎవరికైనా ఈసీ, అంటే ఆస్తి మీద ఏ లావాదేవీలు జరిగాయో చూపే పత్రం కావాలంటే ఆ పుస్తకాలు తిరగేయడమే నా పని. అప్పుడు కొత్తగా ఒక సబ్ రిజిస్ట్రారు వచ్చారు. కుర్రాడు, మంచి చురుకు. పేరు వద్దులే. చెరువు కింద పొలాలు వరసగా చేతులు మారుతున్నాయనీ, కొనేవాళ్లు వేరువేరైనా వెనక ఉన్నది ఒక్కడేననీ ఊళ్లో గుసగుసలు. తేల్చేస్తానని పట్టుబట్టి దస్తావేజులన్నీ ముందేసుకుని, సాక్షుల పేర్లు ఒక పెద్ద కాగితం మీద ఎక్కించుకుంటూ పోయారు. ఏది తీసినా టీకొట్టు తాత సంతకమే. సూత్రధారి దొరికాడని పైకి రిపోర్టు రాసేశారు. తాతని స్టేషనుకి పిలిపించి పొద్దున్నుంచి చీకటి పడేదాకా బెంచీ మీద కూర్చోబెట్టారు.

ఆయన చేసిందల్లా ఏమిటి? పల్లెల నుంచి వచ్చినవాళ్లకి రెండో సాక్షి దొరికేవాడు కాదు. దస్తావేజు లేఖరి కిటికీలోంచి "తాతా, ఓ సంతకం" అని కేకేస్తే, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి పెట్టి పోయేవాడు. ఐదో పదో ఇస్తే పుచ్చుకునేవాడు, ఇవ్వకపోతే లేదు. ఆయన పేరు మీద సెంటు భూమి లేదు. నీకు గుర్తుండదు, పసిదానివి, నిన్ను ఒళ్లో పెట్టుకుని పాలలో బన్ను ముంచి తినిపించేవాడు.

అసలు సంగతి మా హెడ్ గుమాస్తా గారు పట్టుకున్నారు. ఆయన సాక్షుల జోలికి పోలేదు, స్టాంపు కాగితం వెనక్కి తిప్పారు. అక్కడ వరస నంబరూ, అమ్మిన తేదీ, కొన్నవాడి పేరూ ఉంటాయి. ఒకరి మొహం ఒకరు ఎరగమని చెప్పే నలుగురు, వేరువేరు నెలల్లో రిజిస్ట్రేషన్లు. కాగితాలు మాత్రం ఒకే వెండరు దగ్గర ఒకే రోజున వరస నంబర్లతో కొన్నవి. వెండరు రిజిస్టరు తెప్పిస్తే, "ఫలానావారి ద్వారా" అన్న చోట నాలుగింటికీ ఒక మిల్లు గుమాస్తా పేరుంది. ఆ మిల్లు ఓనరు పేరు ఏ దస్తావేజులోనూ లేదు. తాత మాత్రం ఆ తర్వాత ఎవరికీ సంతకం పెట్టలేదు. కొట్టు బస్టాండు వైపు మార్చుకున్నాడు.

అందుకే చెబుతున్నా, ఎక్కువ గీతలు ఎవరి దగ్గర కలిస్తే వాడే దొంగ అనుకోకు. నీ పనామాలోనూ అంతే కదా, ఆ లా కంపెనీలో జీతానికి పనిచేసే ఒకావిడ వేల కంపెనీలకి పేరుకి డైరెక్టరు! మన దగ్గర ఆడిటరు గది చిరునామా మీద ఎన్ని కంపెనీలుండవు? పేర్లూ అంతే. మన ఊళ్లోనే నాన్న పేరున్నవాళ్లు ఇంకో ఇద్దరున్నారు, కరెంటు బిల్లులు మారిపోతుంటాయి. డైరెక్టర్లకి మనిషికొకటి చొప్పున డిన్ అనే నంబరుంటుందని నువ్వే చెప్పావు, దాన్ని పట్టుకో, పేరుని నమ్మకు. పనామా పేపర్లు బయటపెట్టిన విలేకరుల సంఘం, ఆ ఐసీఐజే వాళ్లు, తమ డేటాబేసులో పేరున్నంత మాత్రాన తప్పు చేశారని అర్థం కాదనీ, పేర్లు కలవచ్చు కాబట్టి చిరునామాలు సరిచూసుకోమనీ ముందే రాసి పెట్టారట. బుద్ధిగల పని. నువ్వూ ఆ మాట రాశావా? రాస్తే నోటీసులూ అవీ వచ్చినా భయం ఉండదు. వచ్చిందని అనడం లేదు.

పాఠం చెప్పకూడదనే కూర్చున్నాను.

పేరు బయటపడకుండా పార్టీలకి విరాళాలిచ్చే ఎలక్టోరల్ బాండ్ల గొడవప్పుడు నాకు స్టాంపు కాగితాలే గుర్తొచ్చాయి. 2018లోనే పూనమ్ అగర్వాల్ అనే విలేకరి వెయ్యి రూపాయల బాండ్లు రెండు కొని ల్యాబుకి పంపితే, మామూలు కంటికి కనపడని నంబరు బయటపడింది. 2024 మార్చి 14న కొన్నవాళ్ల జాబితా ఒకటి, పార్టీల జాబితా ఒకటి విడివిడిగా ఇచ్చారు. మధ్యలో గీతలు లేవు. మళ్లీ సుప్రీంకోర్టు గట్టిగా అడిగాక 21న ఆ రెండు జాబితాల్నీ కలిపే బాండ్ల నంబర్లు వచ్చాయి. ఆ రాత్రి నువ్వు తినకుండా కూర్చున్నావని నీ రూమ్మేటే చెప్పింది. ఇప్పుడైనా వేళకి తింటున్నావా? మినుములు పంపాను, సున్నుండలు చేయించుకోవడానికి అక్కడ ఎవరూ లేకపోతే వేయించి పొడి కొట్టుకో, పాలలో కలుపుకోవచ్చు.

ఇంకొకటి. మాల్టాలో డాఫ్నే కరువానా గలీజియా అనే విలేకరి గురించి చదివాను. పనామా పేపర్లలో పేరున్న వాళ్ల మంత్రి ఒకాయన సంగతులు రాసింది. 2017 అక్టోబరు 16న కారులో బాంబు పెట్టి చంపారు. వాళ్ల అబ్బాయి ఐసీఐజేలో ఆ పత్రాల మీదే కంప్యూటరు పని చేసినవాడు. పేలుడు విని ఇంట్లోంచి పరిగెత్తింది అతనే. ఆ రాత్రి నిద్ర పట్టక నాన్నని లేపాను, ఆయన మజ్జిగ తాగి పడుకోమన్నారు.

నిన్ను మానేయమనను. మానేయమంటే మానేసేదానివా? ఆ బొమ్మలో ఒక గుండ్రం నీది కూడా ఉంటుంది, అంతే చెబుతున్నా. నువ్వు ఎవరితో మాట్లాడావో, ఎవరు నీకు కాగితాలు ఇచ్చారో అవతలివాళ్లూ గీతలు గీసుకోగలరు. ఆ ఇచ్చినవాళ్ల పేర్లు ఫోనులో పెట్టుకోకు, మాకూ చెప్పకు, బుజ్జిగాడికి అసలే చెప్పకు. ఇంటి ఓనరుతో చెప్పి తలుపుకి లోపల ఇంకో గడియ పెట్టించు, డబ్బులు నేను పంపుతాను.

నాన్న గుంటూరు బాబాయితో మాట్లాడారు, నన్ను అడక్కుండానే. ఒకవేళ ఆ నోటీసు నిజంగా వచ్చి ఉంటే ఆదివారం లోపు ఫొటోలు తీసి బాబాయికి పంపమన్నారు, అన్ని పేజీలూ, రెండు వైపులా. ఫోనులో జవాబు ఇవ్వొద్దట. కవరు పారేయకు, తపాలా ముద్ర మీద తేదీ ఉండేది దాని మీదే.

మీ అమ్మ